మెరిసే మంచు కింద దాగిన పొర

తెలుగులో ‘మంచు’ అనే మాట ఒక్కటే గాని, ఆ మాటతో మనం చెప్పుకునే వస్తువులు చాలా ఉన్నాయి. ధనుర్మాసంలో తెల్లవారుజామున రోడ్డు కనపడకుండా కమ్ముకునేది మంచే. గడ్డిపరకల కొసల మీద ముత్యాల్లా నిలిచేదీ మంచే. హిమాలయాల మీద తెల్లగా పరుచుకునేదీ మంచే. మొదటి రెండూ మనకు బాగా తెలుసు. మూడోదాన్ని మనలో చాలామంది బొమ్మల్లోనూ సినిమాల్లోనూ చూసినవాళ్లమే. బొమ్మలో అది ఏకిన దూదిలా మెత్తగా, ఎవరికీ ఏ హానీ చెయ్యనిదానిలా కనిపిస్తుంది. అంత మెత్తని వస్తువు మనుషుల ప్రాణాలు ఎలా తీస్తుంది? ఈసారి ఆ సంగతి తెలుసుకుందాం.

మహాభారతంలో మహాప్రస్థానం కథ మీరు వినే ఉంటారు. పాండవులు హిమాలయాలు ఎక్కిపోతుంటే అందరికన్నా ముందు ఒరిగిపోయింది ద్రౌపది. ఉత్తరాఖండ్ రాష్ట్రంలో ఆమె పేరుతో ఒక పర్వతం ఉంది. దాన్ని ‘ద్రౌపదీ కా డాండా’ అంటారు. దాని రెండో శిఖరం ఎత్తు సుమారు 5,670 మీటర్లు. కొండలెక్కటం నేర్పే నెహ్రూ పర్వతారోహణ సంస్థ ఆ దగ్గర్లోనే, ఉత్తరకాశీ పట్టణంలో ఉంది. ఆ సంస్థవారు తమ విద్యార్థులను శిక్షణ కోసం ఈ శిఖరానికి తీసుకువెళ్తారు.

2022 అక్టోబరు 4వ తేదీ ఉదయం అలా వెళ్లిన దళం సుమారు 5,000 మీటర్ల ఎత్తున, మంచు వాలు మీద ఉంది. ఉన్నట్టుండి ఆ వాలు కదిలింది. దాని మీదున్న మనుషులను ఈడ్చుకుపోయి, కింద హిమానీనదంలో ఉన్న లోతైన పగులులో పడేసింది. 29 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది శిక్షణ పొందుతున్న యువకులు. అయితే సవితా కంస్వాల్ అనే శిక్షకురాలు కూడా వాళ్లలో ఉంది. ఆమె ఆ ఏడాది మే నెలలోనే ఎవరెస్టు ఎక్కి వచ్చింది!

చూశారా? కొండల సంగతి తెలియనివాళ్లే మంచులో చిక్కుకుంటారని అనుకోవటానికి లేదు. ఎందుకంటే ప్రమాదం కంటికి కనిపించే మంచులో ఉండదు. దాని కింద దాగి ఉంటుంది.

ఆరు మూలల రవ్వ

వర్షాకాలంలో తిరుమల ఘాట్ రోడ్డు మీద కొండ చరియలు విరిగిపడ్డాయని మీరు పత్రికల్లో చదివే ఉంటారు. అలాగే మంచు కొండల మీద మంచు చరియలు విరిగిపడతాయి. వీటినే ఇంగ్లీషులో అవలాంచి అంటారు. ఇవి ఎలా విరుగుతాయో తెలియాలంటే ముందు మంచు ఎలా పుడుతుందో చూడాలి.

మేఘంలో నీటి ఆవిరి బాగా చల్లబడితే, నీరుగా మారకుండానే సరాసరి గడ్డకట్టి చిన్న స్ఫటికం అవుతుంది. అది రవ్వంత ఉంటుంది. భూతద్దంలో చూస్తే దానికి ఆరు మూలలుంటాయి. గ్రహాల చలన సూత్రాలు కనిపెట్టిన కెప్లరు కూడా ఈ ఆరు మూలలు చూసి ఆశ్చర్యపోయాడు. ‘ఐదు కాదు, ఏడు కాదు, ఆరే ఎందుకు?’ అని ప్రశ్న వేసుకుని 1611లో ఒక చిన్న పుస్తకమే రాశాడు. నీటి అణువులు మంచుగా మారేటప్పుడు ఆరు భుజాల గదులుగా ఒకదానికొకటి అల్లుకుంటాయి. ఆ లోపలి అల్లికే పైకి ఆరు మూలలుగా కనిపిస్తుంది. ఈ సంగతి తరవాతి కాలంలో తేలింది.

జపానుకు చెందిన నకాయా ఉకిచిరో అనే శాస్త్రజ్ఞుడు 1936లో ప్రయోగశాలలోనే మంచు స్ఫటికాన్ని పెంచాడు. దేని మీద పెంచాడో తెలుసా? కుందేలు వెంట్రుక మీద! గాలిలోని చలిని, తేమను మార్చి చూస్తే స్ఫటికం ఆకారం కూడా మారుతుందని ఆయన చూపించాడు. ఒకచోట నక్షత్రంలా ఉంటే, ఇంకోచోట సూదిలా, మరోచోట పలకలా ఉంటుంది. కాబట్టి ఒక్కొక్క రోజు కురిసిన మంచు ఒక్కొక్క రకంగా ఉంటుంది. ఈ మాట గుర్తుంచుకోండి. ముందు ముందు మనకు పనికి వస్తుంది.

కొత్తగా కురిసిన మంచులో మంచు కన్నా గాలే ఎక్కువ. ఒక ఘనమీటరు నీరు 1,000 కిలోలు తూగితే, ఒక ఘనమీటరు కొత్త మంచు సుమారు 100 కిలోలే తూగుతుంది. ఒక్కొక్కసారి అంత కూడా ఉండదు. దూదిలా ఉంటుందని మనం అనుకోవటం ఇందుకే.

చలికాలపు చరిత్ర పుస్తకం

మన దేశంలో హిమాలయాలకు చలికాలపు మంచును తెచ్చేవి పడమటి నుంచి వచ్చే వాయుగుండాల వంటి అలజడులు. అవి మధ్యధరా సముద్రం వైపు నుంచి ఒకదాని వెనక ఒకటిగా వస్తాయి. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా కొండల మీద ఒక పొర మంచు పడుతుంది. మధ్యలో ఎండ కాస్తుంది, గాలి వీస్తుంది, రాత్రిళ్లు గడ్డకట్టే చలి వేస్తుంది. మళ్లీ ఇంకో పొర పడుతుంది. ఫిబ్రవరి నాటికి కొండవాలు మీద ఇలాంటి పొరలు ఎన్నో పేరుకుంటాయి.

ఆ మంచులో నిలువుగా గొయ్యి తవ్వి దాని గోడను చూస్తే కాజా పొరల్లా వరసలు కనిపిస్తాయి. ఒకటి గట్టిగా ఉంటుంది, ఒకటి మెత్తగా ఉంటుంది, ఇంకోటి వేలు పెట్టగానే జలజలా రాలుతుంది. డిసెంబరులో ఏమి జరిగిందో, సంక్రాంతి నాడు ఎండ ఎలా కాసిందో ఆ గోడ మీద రాసి ఉంటుందన్నమాట. చదవటం తెలిసినవాళ్లకు అది ఒక పుస్తకం.

మంచు పొరలన్నీ ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ఉంటే భయం లేదు. కాని మధ్యలో ఎక్కడో ఒక పొర బలహీనంగా ఉండి, దాని మీద బరువైన పొర పడితే ముప్పే. మరి బలహీనమైన పొర ఎలా తయారవుతుంది? ఇది రెండు దారుల్లో జరుగుతుంది. మొదటిదాన్ని అర్థం చేసుకోవటానికి వంటింట్లోకి వెళ్దాం.

అన్నం గిన్నె మీద మూత తీసి చూడండి. మూత అడుగున నీటిబొట్లు ఉంటాయి. వేడిగా ఉన్న అన్నం నుంచి ఆవిరి లేచి చల్లగా ఉన్న మూతకు తగిలి నీరైంది. ఆవిరి ఎప్పుడూ వెచ్చనిచోటు నుంచి చల్లనిచోటుకు పోతుంది. మంచులోనూ ఇదే జరుగుతుంది. పైన గాలి సున్నాకు దిగువన 20 డిగ్రీల చలిలో ఉండవచ్చు. కాని మంచు దుప్పటి కప్పుకున్న నేల మాత్రం సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది. అంటే అడుగున వెచ్చన, పైన చలి. అడుగు రవ్వల నుంచి ఆవిరి లేచి, పై రవ్వలకు చేరి మళ్లీ గడ్డకడుతుంది. మీటరు మందంలో 10 డిగ్రీల కన్నా ఎక్కువ తేడా ఉంటే ఈ పని జోరుగా సాగుతుంది. కొద్ది రోజుల్లో ఆ మంచు రవ్వలన్నీ పంచదార పలుకుల్లా పెద్దవై, పదునైన అంచులతో, ఒకదానికొకటి అంటకుండా తయారవుతాయి. పర్వతారోహకులు దీన్ని పంచదార మంచు అనే పిలుస్తారు. పంచదారతో ముద్ద చెయ్యటానికి ప్రయత్నించి చూడండి. ముద్ద కట్టదు కదా! ఇదీ అంతే.

మంచు తక్కువగా పడి, చలి ఎక్కువగా ఉండేచోట్ల ఇది బాగా పుడుతుంది. లడఖ్‌లోని కారకోరం కొండలు అలాంటివి. పీర్ పంజాల్ కొండల్లో చలి అంత తీవ్రంగా ఉండదు, మంచు మాత్రం విస్తారంగా కురుస్తుంది. అందువల్ల అక్కడ ఒక్క తుపానులోనే పడిపోయిన భారీ మంచు వెంటనే జారటం ఎక్కువ. ఒకే హిమాలయాలైనా ఒక్కొక్కచోట మంచు స్వభావం ఒక్కొక్క రకంగా ఉంటుంది.

రెండో దారి చూద్దాం. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పడిపోయిన రోజుల్లో, తెల్లవారేసరికి గడ్డి మీద తెల్లని పొడి చల్లినట్టు కనిపిస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి గాలిలోని తేమ గడ్డి మీదనే గడ్డకట్టటం వల్ల అది వస్తుంది. హిమాలయాల్లో అదే పొడి మంచు మీద ఏర్పడుతుంది. ఒక్కొక్క పలుకు చిన్న ఈకలా నిలబడి, పొద్దున ఎండలో వజ్రాల్లా మెరుస్తుంది. దాన్ని చూడటం ఎంతో ముచ్చటగా ఉంటుంది. కాని ఆ మర్నాడు దాని మీద కొత్త మంచు పడిందంటే, ఆ ఈకలు అలాగే నిలబడి సమాధి అవుతాయి. పైన బరువు, కింద పుల్లల మీద నిలబెట్టిన పందిరి! ఆ పందిరి కూలేదాకా ఎవరికీ కనిపించదు.

చరియ ఎలా విరుగుతుంది?

ఇప్పుడు ఆ పందిరి మీదికి ఒక మనిషి నడిచి వచ్చాడనుకుందాం. అతని కాలి ఒత్తిడి కిందికి దిగి, బలహీనపు పొరలో ఒకచోట ఈకలు విరుగుతాయి. అక్కడ పై పొర రవ్వంత కుంగుతుంది. ఆ కుంగుడు పక్క ఈకలను విరుస్తుంది, అవి వాటి పక్కవాటిని విరుస్తాయి. వరసగా నిలబెట్టిన ఇటుకల్లో మొదటిదాన్ని తోస్తే ఏమవుతుందో మీకు తెలుసు కదా! ఇదీ అలాంటిదే. సెకనుకు పదుల మీటర్ల వేగంతో పగులు మంచు కిందే పాకిపోతుంది. ఆ సమయంలో ‘ఉఫ్’మని ఎవరో పెద్దగా ఊపిరి వదిలినట్టు చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు విన్న పర్వతారోహకుడి గుండె ఝల్లుమంటుంది.

నేల చదునుగా ఉంటే ఆ చప్పుడుతో కథ అయిపోతుంది. వాలుగా ఉంటే మాత్రం పై పొర మొత్తం పెద్ద పలకలా తెగి జారుతుంది. ఎంత బరువుంటుందో లెక్క వేద్దామా? 50 మీటర్ల పొడవు, 50 మీటర్ల వెడల్పు, అర మీటరు మందం ఉన్న పలక అనుకోండి. దాని ఘనపరిమాణం 1,250 ఘనమీటర్లు. గాలికి కాస్త గట్టిపడ్డ మంచు ఘనమీటరు 200 కిలోలు ఉంటుందనుకుంటే, మొత్తం 2,50,000 కిలోలు. అంటే 250 టన్నులు! పది టన్నుల లారీలు ఇరవై ఐదు ఒక్కసారిగా కొండ దిగి వచ్చినట్టు. ఇది చిన్న చరియే సుమా! కొద్ది సెకన్లలోనే దాని వేగం గంటకు 80, 100 కిలోమీటర్లకు చేరుతుంది. పెద్ద చరియలు పొడిమంచు మేఘాలు లేపుకుంటూ గంటకు 200 కిలోమీటర్లు దాటి పరుగెత్తుతాయి.

సినిమాల్లో ఎవరో గట్టిగా అరవగానే కొండ మీది మంచు కూలిపోతుంది. అది కట్టుకథ. మన గొంతు వల్ల కలిగే ఒత్తిడి మంచు పొరను విరిచేందుకు ఏమాత్రం చాలదు. చరియను విరిచేది అరుపు కాదు, బరువు. కొత్తగా పడిన మంచు బరువు, గాలి తెచ్చి పోసిన మంచు బరువు, లేకపోతే మనిషి బరువు. కొండల్లో తిరిగేవాళ్లు చరియల్లో పడి చనిపోయిన సందర్భాలు పరిశీలించిన శాస్త్రజ్ఞులు ఒక విచిత్రమైన సంగతి గమనించారు. పదింట తొమ్మిదిసార్లు ఆ చరియను కదిలించింది చిక్కుకున్న మనిషో, అతనితో ఉన్నవాళ్లో! ఈ మాట వినటానికి కష్టంగా ఉన్నా, ఇందులో ఒక ఆశ కూడా ఉంది. కదిలించేది మనమే అయితే, కదిలించకుండా ఉండటం కూడా మన చేతుల్లోనే ఉంది కదా!

కోణమానితో కొలవండి

అన్ని వాలుల మీదా చరియలు విరగవు. వాలు 25 డిగ్రీల కన్నా తక్కువైతే మంచు సాధారణంగా జారదు. 60 డిగ్రీలకు మించితే మంచు నిలవనే నిలవదు, పడింది పడినట్టే రాలిపోతుంది. ఈ రెంటికీ మధ్య, 30 నుంచి 45 డిగ్రీల దాకా ఉన్న వాలులే ప్రమాదకరం. అందులోనూ 38 డిగ్రీల దగ్గర ఎక్కువ చరియలు విరుగుతాయి. ఎక్కటానికీ, మంచు మీద జారుతూ ఆడుకోవటానికీ సరదాగా ఉండే వాలులు కూడా సరిగ్గా ఇవే. చిక్కంతా ఇక్కడే వచ్చింది.

వాలు కొలిచే పరికరం మీ జామెట్రీ బాక్సులోనే ఉంది. కోణమాని మధ్య గుర్తు దగ్గర ఒక దారం అతికించి, చివర చిన్న రాయి కట్టండి. కోణమాని తిన్నని అంచును పైకి పెట్టి, వాలుకు సమాంతరంగా పట్టుకోండి. చదునుగా ఉంటే దారం 90 మీద నిలుస్తుంది. వాలుగా ఉంటే 90కి ఎంత దూరంగా నిలిచిందో అదే వాలు కోణం. దారం 60 మీద ఉంటే వాలు 30 డిగ్రీలన్నమాట. పర్వతారోహకుల దగ్గర ఉండే పరికరం కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తుంది.

ఇప్పుడు ఇంట్లోనే ఒక మంచు చరియను తయారు చేద్దాం. ఒక చెక్కపీట తీసుకుని దాని మీద గరుకు గుడ్డ గట్టిగా కట్టండి. గుడ్డ మీద గోధుమపిండి పలచగా చల్లి చేత్తో అదమండి. దాని మీద సగం భాగంలో మాత్రమే పంచదార ఒక పొరగా చల్లండి. ఇప్పుడు మొత్తం మీద మళ్లీ గోధుమపిండి ఒక అంగుళం మందాన పరచి, అరచేత్తో మెల్లగా అదమండి. పైనుంచి చూస్తే పీటంతా ఒకే రకంగా, తెల్లగా ఉంటుంది. పంచదార ఎటువైపు ఉందో చూసేవాళ్లకు తెలియదు. ఇక పీట ఒక అంచును నెమ్మదిగా పైకెత్తుతూ, కోణమానితో వాలు చూస్తూ ఉండండి. ఎటువైపు ముందు జారిందో, ఎన్ని డిగ్రీల దగ్గర జారిందో రాసుకోండి. రెండోసారి ఇంకా జారకముందే ఆపి, వేలితో పైన నొక్కి చూడండి. ఏమి జరిగిందో మీ లెక్కల మాస్టారికి చెప్పండి. అమ్మను అడిగి పిండి, పంచదార తీసుకోవటం మాత్రం మరచిపోకండి!

పది నిమిషాలు

చరియలో కూరుకుపోయిన మనిషి మెత్తని మంచును చేతులతో తోసుకుని ఎందుకు బయటికి రాలేడు? అని మీకు అనుమానం రావచ్చు. ఐసు గోళా అమ్మే అతన్ని గమనించండి. చెక్కిన ఐసు పొడిని పుల్ల చుట్టూ పెట్టి గట్టిగా నొక్కుతాడు. పొడి కాస్తా గట్టి ముద్దవుతుంది. చరియలో మంచు రవ్వలు ఒకదానికొకటి ఒరుసుకుని, నలిగి, చిన్నవైపోతాయి. చరియ ఆగిన మరుక్షణం అవన్నీ ఒకదానికొకటి అతుక్కుని సిమెంటులా బిగుసుకుంటాయి. లోపలున్న మనిషి వేలు కూడా కదపలేడు.

మంచులో గాలి ఉంటుంది కాబట్టి కాసేపు ఊపిరి ఆడుతుంది. కాని మనిషి వదిలిన ఊపిరిలోని తేమ ముఖం ముందున్న మంచు మీద గడ్డకట్టి గాజుపొరలా మూసేస్తుంది. వదిలిన బొగ్గుపులుసు వాయువే మళ్లీ లోపలికి పోతుంది. అందుకే ఇక్కడ ప్రతి నిమిషానికీ విలువ ఉంది. పది నిమిషాల లోపల తవ్వి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు. అర గంట దాటితే మూడింట ఒక వంతు మందే మిగులుతారు. పట్నం నుంచి హెలికాప్టరు వచ్చేదాకా ఆగితే పని జరగదు. బతికించగలిగేది పక్కనున్న స్నేహితులే.

అందుకని మంచు వాలుల మీదికి వెళ్లే ప్రతి మనిషి దగ్గరా మూడు వస్తువులుండాలి. ఒకటి, ఒంటికి కట్టుకునే చిన్న రేడియో పెట్టె. అది 457 కిలోహెర్ట్జ్ మీద సంకేతాలు పంపుతూ ఉంటుంది. మన మీడియం వేవ్ రేడియో కేంద్రాలు 530 దగ్గర మొదలవుతాయి, దానికి కొంచెం కిందన్నమాట. మిగిలినవాళ్లు తమ పెట్టెలతో ఆ సంకేతాన్ని పట్టుకుని దగ్గరికి చేరతారు. రెండోది, మడిచిపెట్టుకోగల పొడుగాటి కడ్డీ. దాన్ని మంచులో గుచ్చి మనిషి ఎంత లోతున ఉన్నాడో చూస్తారు. మూడోది, తవ్వటానికి పార. ఈ మూడూ ఉంటే చాలదు, వాటిని వాడటం కూడా ముందే అభ్యాసం చేసి ఉండాలి.

ఎప్పుడో గాని జరగని వింత ఒకటి 2016లో జరిగింది. ఆ ఫిబ్రవరి 3న సియాచిన్ హిమానీనదం మీద, 19,600 అడుగుల ఎత్తున ఉన్న సైనిక స్థావరం మీద బ్రహ్మాండమైన మంచుగోడ కూలింది. మద్రాస్ రెజిమెంటుకు చెందిన పదిమంది జవాన్లు దాని కింద పడిపోయారు. అప్పటి కర్నూలు జిల్లాకు చెందిన ఒక సిపాయి కూడా వాళ్లలో ఉన్నాడు. ఆరు రోజులు తవ్విన తరవాత, సుమారు 25 అడుగుల లోతున లాన్స్ నాయక్ హనుమంతప్ప ప్రాణాలతో కనిపించాడు! దేశమంతా అతను కోలుకోవాలని ఎదురుచూసింది. కాని ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆస్పత్రిలో అతను కన్నుమూశాడు. పదిమందిలో ఒక్కరూ మిగల్లేదు.

మంచుకు కావలి

మన దేశంలో మంచు చరియల మీద పరిశోధన కోసం 1969లో మనాలీలో ఒక సంస్థ ప్రారంభమైంది. 2020లో దాన్ని ఇంకో సంస్థతో కలిపి రక్షణ భూసమాచార పరిశోధన సంస్థ అని పేరు పెట్టారు. దీని కార్యాలయం చండీగఢ్‌లో ఉంది. కొండల మీద పెట్టిన పరికరాలు పంపే గాలి, చలి, మంచు లెక్కలను చూసి ఇక్కడి శాస్త్రజ్ఞులు జిల్లాల వారీగా హెచ్చరికలు పంపుతారు.

కొండల మీది పరిశీలకులు మంచులో గొయ్యి తవ్వి పొరలు చూస్తారని చెప్పుకున్నాం. అక్కడే వాళ్లు ఒక సులువైన పరీక్ష చేస్తారు. మంచును నిలువు స్తంభంలా కోసి, పైన పార ఆనించి చేత్తో తడతారు. ముందు మణికట్టు నుంచి పదిసార్లు, తరవాత మోచేతి నుంచి పదిసార్లు, ఆఖరున భుజం నుంచి పదిసార్లు. ఎన్నో దెబ్బకు స్తంభం తెగి జారిందో రాసుకుంటారు. మణికట్టు దెబ్బలకే జారిందంటే ఆ వాలు మీద అడుగు పెట్టరాదు.

హెచ్చరిక ఎంత అవసరమో 2025లో మళ్లీ తెలిసింది. ఫిబ్రవరి 28న బదరీనాథ్ దగ్గర మానా గ్రామంలో రోడ్డు పనివాళ్ల శిబిరం మీద మంచు చరియ పడింది. 54 మంది చిక్కుకున్నారు. ముందురోజు సాయంత్రమే ఆ జిల్లా ఎగువ ప్రాంతాలకు హెచ్చరిక వెలువడింది. పనివాళ్లలో చాలామంది ఇనుప పెట్టెల్లాంటి గదుల్లో ఉన్నారు. ఆ గదులు మంచులో కూరుకుపోయినా, లోపల కాస్త గాలి, చోటు మిగిలాయి. సైనికులు, సహాయ దళాలు 46 మందిని బతికించగలిగారు. ఎనిమిది మంది చనిపోయారు. మనుషులు ఎక్కడ నిద్రపోతారు, ఏ వాలు కింద శిబిరం వేస్తారు అన్నది కూడా ఈ శాస్త్రంలో భాగమేనని దీనివల్ల తెలుస్తుంది.

కొండ ముందే చెబుతుంది

ఇవన్నీ మనకెందుకు, మన ఊళ్లో మంచు పడదు కదా అనుకోవద్దు. నిజామాబాదు జిల్లా నుంచి వెళ్లిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు శిఖరం మీద నిలబడినప్పుడు ఆమె వయసు 13 ఏళ్లే. అప్పుడు ఆమె మీలాగే బడిలో చదువుకుంటున్న పిల్ల. రేపు మీరు ఎన్.సి.సి.లోనో, స్నేహితులతోనో హిమాలయాలకు వెళ్లవచ్చు. సైన్యంలో చేరవచ్చు. ఇంజనీరై అక్కడ రోడ్డు వెయ్యవచ్చు. అప్పుడు ఈ గుర్తులు జ్ఞాపకం పెట్టుకోండి.

చుట్టుపక్కల అలాంటి వాలు మీదే ఈ మధ్య చరియ విరిగిన ఆనవాళ్లుంటే, మీ ముందున్న వాలు కూడా అందుకు సిద్ధంగా ఉందన్నమాట. అడుగు వెయ్యగానే ‘ఉఫ్’మనే చప్పుడు వచ్చినా, కాలి దగ్గర నుంచి మంచు మీద పగులు పాకినా, వెంటనే వెనక్కి తిరగండి. ఒక్క రోజులో అడుగు మందాన మంచు కురిస్తే ఒకటి రెండు రోజులు వాలుల జోలికి పోకండి. గాలి బాగా వీచినప్పుడు, గాలి తగిలే వైపున ఉన్న మంచంతా ఎగిరి మరుగు వైపు వాలు మీద పేరుకుంటుంది. అటు వెళ్లవద్దు. ఉన్నట్టుండి ఎండ ముదిరితే, కరిగిన నీరు లోపలి పొరలను నానబెడుతుంది. ఎండ రోజుల్లో తెల్లవారకముందే బయలుదేరి, మధ్యాహ్నానికి వాలు దాటిపోవటం పర్వతారోహకుల అలవాటు. తప్పనిసరిగా వాలు దాటవలసివస్తే ఒక్కొక్కరే దాటాలి. మిగిలినవాళ్లు భద్రమైనచోట నిలబడి, దాటే మనిషి మీద నుంచి చూపు తిప్పకూడదు.

అన్నిటికన్నా మోసం చేసేది మంచి వాతావరణం. మూడు రోజులు మంచు కురిసి ఆగుతుంది. నాలుగో రోజు పొద్దున ఆకాశం నీలంగా, కొండ తెల్లగా, ఎండలో ధగధగ మెరుస్తూ ఉంటుంది. ఇంతకన్నా మంచి రోజు దొరకదనిపిస్తుంది. కాని మీరు పీట మీద చేసిన ప్రయోగం గుర్తు తెచ్చుకోండి. పైన పిండి ఎంత అందంగా ఉన్నా, జారటం జారకపోవటం అడుగునున్న పంచదార చేతిలో ఉంది. ఆ రోజు ‘కొండ ఎక్కడికీ పోదు, రేపు వద్దాం’ అని వెనక్కి తిరిగినవాడు పిరికివాడు కాదు. మంచు పుస్తకాన్ని చదవటం వచ్చినవాడు.